లెక్కలక్క నోరు మూయించిన డాక్టరు

మా అత్యవసర విభాగంలో గొట్టాల బండి ఒకటుంది. ఊపిరాడని మనిషికి నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేయాల్సి వచ్చి, అది ఓ పట్టాన దిగకపోతే, కావలసిన సరంజామా అంతా ఆ బండి అరల్లో ఉంటుంది. పాతికేళ్ళుగా దాని కాపలా మా టెక్నీషియన్‌ది. అసలు పేరు జీతం కాగితాల్లో ఉండే ఉంటుంది. మాకు మాత్రం ఆవిడ లెక్కలక్క.

గొట్టాలు కడిగే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకుని, పిల్లల తల్లయ్యాక పరీక్ష రాసి టెక్నీషియన్ అయింది. పొద్దున్నే వచ్చి, నాలుకను పక్కకు నెట్టి గొంతులోకి చూడ్డానికి వాడే ప్రతి బ్లేడు దీపాన్నీ అరచేతి మీద వెలిగించి చూస్తుంది. కెమెరా బ్లేడుకు చార్జింగ్ ఉందో లేదో చూస్తుంది. బండిలోంచి ఎవరైనా ఒక్క కత్తెర తీసుకెళ్ళారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "మీ ఇంటి తాళంచెవి కూడా ఇలాగే దారినపోయేవాళ్ళకి ఇచ్చేస్తారా డాక్టరమ్మా?" అని వార్డు మధ్యలో నిలబెట్టి కడిగేస్తుంది.

కొత్త డాక్టర్ల చేత ప్లాస్టిక్ బొమ్మ మీద సాధన చేయించేదీ ఆవిడే. ఆ బొమ్మకు మామయ్య అని పేరు పెట్టింది. "మెల్లిగా బాబూ, మామయ్య పళ్ళ మీద ఆనించకు. ఈయన పళ్ళూడినా కిక్కురుమనడు, బయటివాళ్ళు ఊరుకుంటారా? ఇంకోటి. మామయ్య గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మనుషుల గొంతులు మన మాట వినవు."

ఆవిడకా పేరు వచ్చింది మాత్రం లెక్క వల్ల. బ్లేడు రోగి నోట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ "ఒకటి అయింది!" "రెండు అయ్యాయి!" అని గట్టిగా చెప్పేది. రెండు ప్రయత్నాలు తప్పితే మూడోదానికి వెళ్ళకూడదని మా విభాగం పద్ధతి. ఆగాలి, ఇంకో దారి చూడాలి. ఏ దారీ లేక, ఊపిరీ అందకపోతే మెడ ముందు భాగంలో కోసి గొట్టం పెట్టాలి. గొట్టం వేస్తున్నవాడికి ఒళ్ళు తెలియదు, ఎన్నిసార్లయిందో అసలే తెలియదు. అందుకే పక్కనున్నవాళ్ళు లెక్కపెట్టాలి. ఈ సంగతి పుస్తకాల్లోనూ ఉంది, నేను క్లాసులో చెప్పాను కూడా.

చెప్పినవాణ్ణి నేనే, ఆ విభాగానికి పెద్దను. నా చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు కాస్తా నెత్తికెక్కి కూర్చుంది.

ఒకరోజు తెర అవతలున్న రోగి కొడుకు "రెండు అయ్యాయి!" అన్న కేక విని, మా నాన్నమీద ప్రయోగాలు చేస్తున్నారా అని వరండా అంతా గోల చేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కను గదిలోకి పిలిచాను.

"ఇకమీదట లెక్క మనసులో పెట్టుకోండి. పైకి వినపడకూడదు."

"మనసులో పెట్టుకుంటే మీకెలా తెలుస్తుంది సారూ?"

"నాకు లెక్కలు రావంటారా?"

"సరే సారూ" అని వెళ్ళిపోయింది. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను.

పదకొండు రోజుల తర్వాత, పట్టపగలు, ఒక లిఫ్టు మెకానిక్‌ను తీసుకొచ్చారు. వాడుతున్న బీపీ మాత్ర పడక నాలుక ఉబ్బిపోయి నోట్లో పట్టడం లేదు. మాట రావడం లేదు, చొంగ కారుతోంది, కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. "అరగంట కింద నాతో పోట్లాడాడు బాబూ, బాగానే ఉన్నాడు" అంటోంది భార్య. నర్సు ఆవిడను తెర అవతల కూర్చోబెట్టింది.

సూదిమందులు పనిచేయలేదు. వాపు గొంతులోకి దిగుతోంది. ఆలస్యం చేస్తే దారి పూర్తిగా మూసుకుపోతుంది.

"సర్జన్‌ని పిలవనా సార్?" అంది నర్సు.

"నేనున్నాను కదా," అన్నాను.

మత్తిచ్చాను. ఇక అతనంతట అతను ఊపిరి తీసుకోలేడు. కెమెరా బ్లేడు పెట్టాను. తెర మీద ఎర్రగా ఉబ్బిన కండ తప్ప ఏమీ లేదు. తీశాను. నర్సు మాస్కు పెట్టి గాలి సంచి నొక్కింది, గాలి కొంచెమే వెళ్ళింది. మళ్ళీ పెట్టాను. ఈసారి రక్తం కెమెరాకు అంటుకుంది. రక్తంలో ఆక్సిజన్ తొంభై పైన ఉండాలి, ఎనభై రెండుకు పడింది. అక్క తుడిచి ఇచ్చింది. పెట్టాను. చీకట్లో ఏదో సందు కనిపించినట్టయింది. "వచ్చేసింది, వచ్చేసింది" అంటున్నాను. రాలేదు. డెబ్బై. నర్సు సంచి నొక్కుతోంది కానీ ఛాతీ లేవడం లేదు. యంత్రం గీపెడుతోంది. ఇంకొక్కసారి అనుకుని పెట్టాను, తీశాను. ప్రతిసారీ అదే అనుకున్నాను. అతని పెదవులు నీలం తిరిగాయి. యాభై ఎనిమిది.

"సారూ, ఆపండి!"

ఉలిక్కిపడ్డాను. అక్క బ్లేడు నా చేతిలోంచి లాక్కుంది.

"నాలుగు అయ్యాయి! నాలుగు! ఇక కోయాల్సిందే. నా వేలున్న చోట కోయండి!"

అప్పుడు చూశాను. ఆవిడ ఎడమచేతి చూపుడువేలు అతని మెడ మీద, కంఠమణి కింది పల్లంలో ఆనించి ఉంది. ఎప్పటినుంచి అలా పెట్టి ఉందో నాకు తెలియదు. రెండో చేత్తో కత్తి నా చేతిలో పెట్టింది. కోశాను. రక్తం. ఆవిడందించిన సన్నటి కడ్డీని గాటులోంచి లోపలికి తోసి, దాని మీదుగా గొట్టం ఎక్కించాను. నర్సు సంచి నొక్కింది. ఛాతీ లేచింది.

అరవై. అరవయ్యే. దేవుడా! డెబ్బై ఐదు. తొంభై.

బతికాడు, కానీ ఎలా బతికాడో తెలియదు. అంతసేపు గాలందని మెదడు ఏమైందో మత్తు దిగితే గానీ చెప్పలేం.

కేసు షీటు రాయడానికి కూర్చున్నాను. "నోటి ద్వారా ప్రయత్నాలు: రెండు" అని రాశాను. అబద్ధం రాయలేదు, ఒట్టు. నా లెక్కకు రెండే తేలాయి. ఎదురుగా అక్క నిలబడి ఉంది.

"నాలుగు సారూ."

"మీరేదో కంగారులో..."

ఆవిడ మానిటర్‌లోంచి తీసిన కాగితం నా ముందు పెట్టింది. ఆక్సిజన్ గీత దిగి, కాస్త లేచి, ఇంకా కిందికి దిగి, అలా నాలుగు గుంటలు. మనిషి పోతుంటే, సగం లెక్క నా బుర్రలోంచి జారిపోయింది.

"రెండో దాని దగ్గరే అరవాల్సింది నేను," అంది అక్క. "ఉద్యోగం గుర్తొచ్చింది సారూ. రిటైర్మెంటుకి రెండేళ్ళు. నోరు నొక్కుకున్నాను. ఆయన పోయుంటే ఈ పాపం నాకెక్కడ వదిలేది?"

రెండు కొట్టేసి నాలుగు వేశాను. పక్కన సంతకం పెట్టాను. పెట్టి, ఆవిడ మొహం చూడలేక తల దించుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచాడు. మెడలో గొట్టం ఉంది కాబట్టి మాట రాదు. భార్య "నేనెవర్ని?" అంటే చేయి పట్టుకుని గట్టిగా నొక్కాడు. కాగితం ఇస్తే లిఫ్టు నంబరేదో రాసి, తలుపు సరిగ్గా పడటం లేదు, ఎవరినీ ఎక్కనివ్వకండి అని రాశాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నేను అవతలికి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాత అతని భార్య నా దగ్గరికొచ్చింది.

"బాబూ, ఆ రోజు తెర వెనకాల ఎవరో నాలుగు అని అరిచారు. ఏమిటా నాలుగు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. "గొట్టం వేయడానికి నాలుగుసార్లు చూశానమ్మా. రెండింటికే ఆగాలి. ఆగలేదు. ఆపాల్సిన మనిషిని నోరెత్తొద్దని అంతకుముందే నేను ఆపేశాను."

తిడుతుందనుకున్నాను, కాలర్ పట్టుకున్నా పట్టుకోవచ్చనుకున్నాను.

"ఎల్లుండి మెడలో గొట్టం మారుస్తారట కదా," అంది. "మీరు చేస్తారా?"

"నేనేనమ్మా."

"అరిచినావిడ పక్కన ఉంటుందా?"

"ఉంటుంది," అన్నాను.

"అయితే చేయండి," అంది.