నా పరువు కాపాడిన వార్డు

నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన తర్వాత తీరిగ్గా వస్తుంది. పంతొమ్మిది వందల అరవైల్లో నరసరావుపేట దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసేటప్పుడూ అంతే. సైకాలజీలో ఎమ్మే చదివి వచ్చాను. పండుముసలివాళ్లూ, నెలల తరబడి మంచం దిగని రోగులూ ఉండే మగవాళ్ల వార్డులో కూర్చుని, వాళ్ల బాధలు వాళ్ల నోటితోనే చెప్పించడం నా ఉద్యోగం. "కూర్చుని కబుర్లు చెప్పడానికి కూడా చదువుండాలంట!" అని మా అమ్మే నవ్వేది.

ఒక ఏడాది యూనివర్సిటీ నుంచి ముగ్గురు విద్యార్థులను నా దగ్గరికి శిక్షణకు పంపుతున్నామని కబురొచ్చింది. నా కాళ్లు నేలమీద నిలవలేదు. ఆ వెంటనే గుబులు పట్టుకుంది. పల్నాడులో సైకాలజీ ఏమిటని ముసిముసిగా నవ్విన ప్రొఫెసర్ల ముఖాలు గుర్తొచ్చాయి. పిల్లలు రావడానికి ముందురోజు వార్డు మధ్యలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను.

"రేపు యూనివర్సిటీ నుంచి మనుషులొస్తున్నారు. కాస్త మర్యాదగా మాట్లాడండి. వాళ్లు రాగానే మూలుగులూ ఏడుపులూ మొదలుపెట్టి నా పరువు తియ్యమాకండి. మీకు దణ్ణం పెడతా."

దణ్ణం అన్నానే గానీ, గొంతులో ఉన్నది గదమాయింపే.

కిటికీ పక్క మంచం మీద మాచవరం వైపు రైతు ఒకాయన ఉండేవాడు. నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. ఏళ్ల తరబడి చుట్టలు కాల్చి, కాళ్లకు రక్తం సరిగా ఆడక, బొటనవేలు నల్లబడి వచ్చాడు. వేలు తీసేస్తే సరిపోతుందని డాక్టరుగారి ఆశ. "నొప్పి పిక్కలోకి పాకితే వెంటనే చెప్పాలి. ఆలస్యమైతే కాలు దక్కదు" అని ఆయనకూ నాకూ కలిపే హెచ్చరించారు. రోజూ పక్కన కూర్చుని, నొప్పి ఎందాకా ఉందని అడిగేదాన్ని. ఆయన మడమ చూపించేవాడు.

విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్తే, అది నా వార్డేనా అనిపించింది. అందరి తలలకూ నూనె, దువ్విన పాపిళ్లు, ముడత లేని పక్కలు. దగ్గొచ్చినవాళ్లు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, గుట్టుగా దగ్గుతున్నారు. ఎవరిని పలకరించినా "చానా బాగుందమ్మా, మాకేం తక్కువ?" అనే జవాబు. నేను పొంగిపోయాను.

సాయంత్రం విద్యార్థుల్లో ఒకమ్మాయి సందేహంగా అడిగింది. "మేడమ్, అందరూ బాగున్నామనే అంటున్నారు. అంత బాగుంటే ఇక్కడెందుకున్నారు?"

"నీకు అడగడం చేతకాలేదు. ముసలివాళ్లతో మాట కలపడం ఒక్కపూటలో వస్తుందనుకున్నావా?" అని తోటివాళ్ల ముందే దులిపేశాను. పాపం, ఆ పిల్ల తల వంచుకుంది.

ఆపైన పెదనాన్న దగ్గర ఆ అమ్మాయినే కూర్చోబెట్టాను. నొప్పి మడమ దగ్గరే ఉందంటున్నాడని ఆమె వచ్చి చెప్పేది. నేను వెళ్లి అడగలేదు. పాఠాలు చెప్పే సంబరంలో తలమునకలై ఉన్నాను. కట్టు మార్చే నర్సు వస్తే ఆయన పంచె మడమల దాకా లాక్కునేవాడని తర్వాత తెలిసింది.

ఒకరోజు పొద్దున దుప్పటి సర్దుతుంటే ఆ అమ్మాయి చెయ్యి ఆయన పిక్కకు తగిలింది. ఆయన దిండు కొరుక్కున్నాడు తప్ప కిక్కురుమనలేదు. ఆమె పరుగున వచ్చి నన్ను లాక్కెళ్లింది. పంచె పైకి తీస్తే పిక్క సగం దాకా నలుపు తిరిగి, ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అప్పుడు కూడా అరుపే! పక్క మంచం మీద ఉన్న, మిషన్ బడిలో పనిచేసి రిటైరైన పంతులుగారు అడ్డుపడ్డారు.

"ఆయన్నేమీ అనమాకమ్మా. చెప్పొద్దన్నది నేనే. ఇన్‌స్పెక్షన్ కదా! మా బడికి ఇన్‌స్పెక్టరొస్తున్నాడంటే పిల్లలందరికీ ముందే నేర్పేవాళ్లం, ఏం అడిగినా బాగుందనే చెప్పండిరా అని. ఒక్కడు నోరు జారితే పంతులు పని అయిపోయినట్టే. నువ్వేమో పరువంటివి. నీ ఉద్యోగానికే ఎసరొచ్చిందేమోనని అందరం భయపడ్డాం. ఆ నొప్పి ఇట్టా పాకిందని మాకూ చెప్పలేదమ్మా ఈయన."

నేర్చుకోవడానికొచ్చిన పిల్లలను వాళ్లు నన్ను తనిఖీ చేసే అధికారులనుకున్నారు. నన్ను కాపాడదామని మంచాన పడ్డవాళ్లంతా ఏకమయ్యారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. మొదటిరోజే సరైన ప్రశ్న వేసిన పిల్లను చేతకానిదని తిట్టాను కదా!

ఆ రోజే ఆపరేషన్ చేశారు. మోకాలి కింద కాలు పోయింది. మర్నాడు ఆయనకు తెలివి వచ్చిందని తెలిసి, క్షమించమని అడుగుదామని వెళ్లాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. నన్ను చూడగానే ఆయన దగ్గరికి రమ్మని సైగ చేశాడు. నేను వంగితే, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పిల్ల చెయ్యి తగిలినప్పుడు నేను అరవలేదమ్మాయ్. పైవాళ్లకి ఏం రాసింది? నీకేం మాట రాలేదు కదా?"

"లేదు పెదనాన్నా" అన్నాను.

"హమ్మయ్య" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.