మోచేతి వేడి

ఆ లాడ్జిలో వేడినీళ్ళ బాయిలరు చూసే మనిషిని అందరూ ఆవిరయ్య అనేవారు. తుపానులో పడవెక్కడానికి వెనకాడనివాళ్ళను చాలా రేవుల్లో చూశాను గానీ, స్నానాల గదికి భయపడినవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

ఇరవై రెండేళ్ళలో అతను థర్మామీటరు ముట్టింది తక్కువ. నీళ్ళలో మోచెయ్యి పెట్టి, చురుక్కుమంటే వేడి తగ్గించేవాడు. ఒకప్పుడు అతను కాచిన నీళ్ళకి ఒక ముసలావిడ వీపు బొబ్బలెక్కింది. ఆనాటి నుంచీ అదే కొలత.

“ఇవి స్నానానికా, పెరుగు తోడు పెట్టడానికా?” అని వంటాయన వెక్కిరించేవాడు.

వంటాయన నవ్వులాటకన్నాడు గానీ, నిజంగానే అక్కడొకటి తోడుకుంటోంది. లీజియోనెల్లా అనే సూక్ష్మజీవికి గోరువెచ్చగా నిలవున్న నీళ్ళే పుట్టిల్లు. గొట్టాల లోపలి జిగురులో కాపురం పెడుతుంది. షవరు తుంపరతో ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి తెస్తుంది.

అతని అక్క ఆ లాడ్జిలోనే దుప్పట్లు ఉతికేది. పనయ్యాక స్నానం చెయ్యమని, నాలుగో అంతస్తులో నెలల తరబడి మూసి ఉన్న గది తాళంచెవి ఆమెకు రహస్యంగా ఇచ్చాడు. బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

జ్వరంతో ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజుకి ఆమెకు ఊపిరి అందడం లేదు. మందులు పనిచెయ్యలేదు. డాక్టరమ్మ అతన్ని మంచం పక్కనే నిలబెట్టి అడిగింది.

“మీ లాడ్జిలో దిగినాయన ఒకరు పక్క వార్డులో ఉన్నారు. సరిగా కాగని షవరు నీళ్ళ నుంచి వచ్చిన న్యుమోనియా. ఈవిడ కూడా అక్కడ స్నానం చేసేదా?”

అతను అక్క వైపు చూశాడు.

“లేదని చెప్పరా,” అంది అక్క ఆయాసపడుతూ. “బతికి బయటపడ్డాక తినేదెక్కడ?”

“నువ్వు ముందు బతుకక్కా.” డాక్టరమ్మ వైపు తిరిగాడు. “చేసేదమ్మా. మూసిన గదిలో. తాళంచెవి ఇచ్చింది నేనే. నీళ్ళు వేడెక్కనివ్వనిదీ నేనే.”

డాక్టరమ్మ అతన్ని తిట్టలేదు. మందు మార్చింది. లాడ్జి నీళ్ళు ఆపించమని అప్పటికప్పుడు ఫోను చేసింది.

“ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. పక్కనే కూర్చో. గట్టెక్కుతుందని మాత్రం ఇప్పుడే చెప్పలేను.”

రెండు రోజులు అతను అక్క ఛాతీ లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు ఉదయానికి జ్వరం కాస్త దిగింది. ఆమె కళ్ళు తెరిచింది.

“ఉద్యోగం ఊడగొట్టావుగా,” అంది. “మన లాడ్జిలో ఆ నీళ్ళు ఇంకెంతమంది పోసుకున్నార్రా?”

అక్క జ్వరపడ్డ వారమంతా లాడ్జి గదులు నిండి ఉన్నాయి.