జేజినాయన ఆముదం, నాయన సైకిలు

మా చిన్నప్పుడు... కోయిలకుంట్ల బడికి మేము పోయింది సైకిలు వెనక కట్టిన బండిలో.

ఉత్తమాట కాదు, నిజంగా బండే. మా ఊరి వడ్లాయన తుమ్మచెక్కతో చేసిన పెట్టె, దానికి రెండు చిన్న చెక్క చక్రాలు, చక్రాలకు ఇనుప పట్టాలు. ముందున్న నొగను మా నాయన తన సైకిలు క్యారియర్‌కు తోలుపట్టీతో బిగించేవాడు. పెట్టెలో నేను, మా పెదనాయన కూతురు ఓబులమ్మక్క... మోకాళ్ళు మోకాళ్ళు తగిలించుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. దారిలో మమ్మల్ని చూసి నవ్వకుండా పోయినవాళ్ళు తక్కువ. మేము తలలు వంచుకునేవాళ్ళం.

మా ఊళ్ళో బడి అయిదో తరగతి దాకానే. నాయన కోయిలకుంట్లలో వేరుశనగ మిల్లులో తూకాలు చూసేవాడు, రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాడు. మమ్మల్ని కూడా ఆ బండిలో తీసుకుపోయి పైబడిలో వేస్తానంటే మా జేజినాయన, అంటే నాయనకు నాయన, ఒక షరతు పెట్టాడు.

"ఆడపిల్లోల్లు వంక దాటి నడిసిపొయ్యేది లేదు. ఆ బండి తిరిగినన్ని దినాలు పోనీ. అది నిలబడితే సదువూ నిలబడినట్లే" అన్నాడు.

అని ఊరుకోలేదు. ఆ బండి మంచిచెడ్డలు కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. ఎద్దులబండి ఇరుసుకు పొద్దున్నే కందెన పెట్టడం ఆయన బుద్ధెరిగినప్పటి నుంచి చేసిన పని. మా చిన్న బండి చక్రాలకు పెట్టాడు, బాగానే ఉంది. అదే చేత్తో సైకిలు చైనుకు కూడా చిక్కటి ఆముదం పట్టించేవాడు... పిల్లలు కూర్చునేది కదా అని కొంచెం ఎక్కువే.

మా దారి నాపరాళ్ళ బండ్లు తిరిగే దారి. మధ్యలో ఒక వాగు, దాన్నే వంక అంటాం. మడమ మునిగే దుమ్ము. బడికి చేరేసరికి మా జడలు తెల్లగా ఉండేవి.

ముందు చైను వదులైంది. నాయన వెనక చక్రం కాస్త జరిపి బిగించాడు. మళ్ళీ వదులైంది. ఒక లింకు తీయించాడు. చక్రం పుల్లలు విరగడం మొదలైంది. బ్రేకు రబ్బర్లు అరిగిపోయి, దిగుడులో మా బరువు వెనక నుంచి తోస్తుంటే నాయన చెప్పుకాలు నేలకు ఆనించి ఆపేవాడు. ఇంటికొచ్చి "సైకిలు మొరాయిస్తాండాది" అనేవాడు. జేజినాయన మర్నాడు ఇంకాస్త ఆముదం పట్టించేవాడు.

ఒకరోజు వంక దాటాక ఎగువలో కడకడమని చప్పుడైంది. నాయన తొక్కుతున్నాడు, చక్రం మాత్రం తిరగడం లేదు. మేము దిగాం. ఓబులమ్మక్క అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. ఆమెకు లెక్కలంటే ప్రాణం. ఇంట్లో అప్పటికే సంబంధాల మాట నడుస్తోంది... బడి మానితే తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలుసు.

నాయన సైకిలు నెట్టుకుంటూ, మేము వెనక బండి తోసుకుంటూ ఎట్లాగో కోయిలకుంట్ల చేరాం. సైకిలు షాపు మస్తాన్ చైను విప్పి కిరసనాయిలులో వేశాడు. నల్లటి బురద దిగింది.

"ఏమప్పా, ఏం పూస్తాండారు దీనికి?"

"మా నాయన ఆముదం పూస్తాండాడు, దినామూ."

"ఆముదమా! ఆ జిగటకు దుమ్మంతా అంటుకోని ఆకురాయి మాదిరి పండ్లన్నీ తినేసిండాది. చైనూ, ఫ్రీవీలూ రెండూ మార్చాల. ఈడ దొరకవు, కర్నూలు నుంచి రావాల. శానా దినాలు పడతాది."

ఆ సాయంత్రం ముగ్గురం నడిచి ఇల్లు చేరాం. జేజినాయన అరుగు మీద ఉన్నాడు. మా ఇంట్లో పెద్దాయన ముఖాన తప్పు చెప్పే అలవాటు లేదు. చెప్పాల్సింది ఆయనకు వినిపించేటట్లు ఇంకొకరికి చెప్పాలి. నాయన అమ్మతో అన్నాడు, కొంచెం గట్టిగా...

"చైనుకు ఆముదం పూయగూడదంట. దుమ్ము పట్టి పండ్లు అరిగిపొయ్యిండాయి. సైకిలు నిలబడిపాయ."

"అట్లనా" అని అమ్మ పొయ్యి వైపు తిరిగింది. ఆ పూట జేజినాయన సంగటి సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు. చదువు అయిపోయిందనే అనుకున్నాం.

పొద్దున నాయన చీకటితోనే మిల్లుకు నడిచిపోయాడు. ఓబులమ్మక్క జడ కూడా వేసుకోకుండా పరక పట్టుకుని వాకిలి ఊడుస్తోంది. జేజినాయన తలగుడ్డ చుట్టుకుని, కట్టె తీసుకుని బయటికి వచ్చాడు.

"ఏమ్మే, బడికి పొద్దుపోలేదా? పుస్తకాలు తీసుకోండి."

"బండి లేదు గదా, జేజినాయనా" అన్నాను.

"బండి చెడగొట్టినోన్ని నేనుండా గదా. పదండి, నడిసిపోదాం."

ముందు ఆయన, వెనక మేము. ఎదురైన వాళ్ళు "యాడికప్పా పెద్దాయనా?" అంటే "బడికి" అనేవాడు, మామూలుగా. సాయంత్రం దాకా మిల్లు పంచలో కూర్చుని మళ్ళీ మాతో నడిచి వచ్చాడు. మర్నాడూ అంతే... ఆ తర్వాతా అంతే.

సామాన్లొచ్చి సైకిలు బాగైంది. నాయన బండి నొగ బిగించబోతుంటే జేజినాయన చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"దాని పానం తియ్యొద్దులేరా. పిల్లోల్లు నడుస్తాండారు గదా" అన్నాడు.

కొన్నాళ్ళకు ఆయన వంక దాకా వచ్చి ఆగిపోవడం మొదలుపెట్టాడు. తర్వాత అదీ మానేశాడు. మేము మాత్రం పోతూనే ఉన్నాం. షరతు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఓబులమ్మక్క స్కూలు ఫైనలు పాసైంది, మా ఇంటి ఆడపిల్లల్లో మొదట. చెక్కబండిని బోర్లించి రాత్రిళ్ళు దాని కింద కోళ్ళను కమ్మేవాళ్ళం.

ఇప్పుడు మా వీధి పిల్లలు గడప ముందే బస్సెక్కుతారు. ఎండ లేదు, దుమ్ము లేదు... మంచిదే. వాళ్ళను బడికి చేర్చడానికి ఇంట్లో ఏది అరుగుతోందో మాత్రం వాళ్ళ కంటపడదు. మేము చూశాం.

మీ చదువు కోసం మీ ఇంట్లో ఏం అరిగిపోయిందో, మీ ముందు ఎవరు నడిచారో... గుర్తుంటే రాయండి.