బిడ్డ లేని ఇంటి అల్లుడు

గంగాకిషన్ కాకకు ఇద్దరూ కొడుకులే. ఆడపిల్ల లేదు. అయినా అల్లుడున్నాడు.

ఆ అల్లుడు ఇటుకంత ఉంటాడు. ఒంటి రంగు నలుపు. పొట్ట మీద అంకెల మీటలు, నెత్తి మీద చిన్న తెర, పక్కన వేలు పెట్టడానికి ఒక గాజుపలక. ఆర్మూరులో మా వీధి కంట్రోల్ దుకాణంలో, అదే రేషన్ షాపులో, బల్లెక్కి కూర్చుంటాడు. మన బొటనవేలు తడిమి చూసి సరేనంటే కాక బియ్యం తూస్తాడు. అల్లుడు మొహం తిప్పుకుంటే మన సంచి మడత విప్పకుండానే ఇంటికి పోవాలి. "తిండి కాడ గింత పెత్తనం చేసెటోడు అల్లుడు గాక ఇంకెవడే?" అని కాక వాదన.

ప్రభుత్వం ఈ వేలిముద్ర మిషన్లు ఇచ్చిన రోజు మిగతా డీలర్లందరూ వాటిని సంచుల్లో కుక్కుకుని బస్సెక్కారు. మా కాక ఆటో మాట్లాడుకుని, ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. గుమ్మంలోనే ఆపి, భార్య భాగ్యవ్వ చేత ఎర్రనీళ్లు దిగదుడిపించాడు. "కాళ్లు కడుగుదమంటే కాళ్లే లేకపాయె" అని ఆ పూటంతా దిగులుపడ్డాడు.

ఎండాకాలం వస్తే దుకాణంలో ఉన్న ఒక్క ఫ్యానూ అల్లుడి వైపే తిరిగి ఉంటుంది. లైన్లో జనం చెమటతో నానిపోతుంటారు. ఎవరైనా అడిగితే, "మీరు ఇంటోళ్లు, సర్దుకుంటరు. ఆయనకు ఉక్కపోస్తే ఊకుంటడా?" అంటాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి "మిషన్ సరిగ్గా పనిచేస్తోందా?" అని అడిగితే, "పొద్దుగాల్నే చార్జింగ్ తిన్నడు సార్, ఖుషీగున్నడు" అని జవాబిచ్చాడు. ఆ అధికారి ఎవరు ఖుషీగా ఉన్నారో తెలియక కాసేపు కాక కొడుకుల వైపు చూశాడట.

ఒక్క చిక్కుంది. మిషన్ మాట్లాడుతుంది. సరుకులు వస్తే వచ్చాయని, రాకపోతే రాలేదని వీధంతా వినపడేలా చెబుతుంది. అదీ ఆడగొంతుతో.

"అల్లునికి ఆడగొంతు ఏందే కాకా?" అన్నాను ఒకసారి.

"గది నా బిడ్డ. లోపల కూసోని మాట్లాడ్తది. మర్యాదగల పిల్ల, బయటికి రాదు."

"నీకు బిడ్డ ఎక్కడిది?"

"బిడ్డ లేకుంటే అల్లుడెట్లొస్తడ్రా?"

ఇంతకీ నాది పక్క దుకాణం. గడియారాలు బాగుచేస్తాను. ఒక కంటికి భూతద్దం బిగించుకుని చిన్న చిన్న చక్రాలతో కుస్తీపట్టే పని. సరిగ్గా ఏ చక్రమో పట్టకారుకు అందే వేళకు పక్కనుంచి పెద్ద కేక వినపడుతుంది.

"డాక్టర్ సాబ్! అల్లుడు అలిగిండు! ఉరికి రావయ్యా!"

ఉరుకుతాను. నేను వెళ్లేసరికి కాక నిలబడి, రెండు చేతులూ ఊపుతూ మిషన్‌ను తిడుతూ ఉంటాడు. "నీ అలక పాడుగాను! నిన్న చాయ్‌ల చక్కెర తక్కువైందా? బట్టలు పెట్టలేదనా నీ గోస? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?" లైన్లో జనం పొట్టలు పట్టుకుంటారు. బియ్యం రాని మనిషి కూడా నవ్వుతుంటుంది. నేను భూతద్దంతో మిషన్ నాలుగు వైపులా చూసి, "బాగనే ఉన్నది గదా" అంటాను. "నీకు తెల్వది, మనసుల పెట్టుకున్నడు" అని కాక ఆ మనిషిని పక్కన బెంచీ మీద కూర్చోమంటాడు. "నువ్వు జర ఆగు బిడ్డా. అల్లుని మనసు మారినంక పిలుస్త."

నాకు ఒళ్లు మండేది. బాగున్న మిషన్‌ను బాగుచేయడానికి నన్నెందుకు పరుగెత్తిస్తాడని. నాకు గడియారాలు తప్ప ఇంకేమీ రాదని చెప్పినా వినడు. "గడియారం ఆగుతది, అల్లుడు అలుగుతడు. రెండూ ఒకటే రోగం" అనేవాడు.

కాకకు ఇంకో విచిత్రముంది. మధ్యాహ్నం కాగానే, చుట్టూ కప్పుదాకా సన్నబియ్యం బస్తాలుండగా, వాటి నడుమ కూర్చుని జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు నములుతాడు. "షుగర్. డాక్టర్ బియ్యం బంద్ జెయ్యమన్నడు" అంటాడు. నిజంగా డాక్టరన్నవాడు అన్నం మానమంటే మనమైతే దాచుకుంటాం. కాక అదేదో సన్మానం జరిగినట్టు చెప్పుకుంటాడు.

మొన్న పసుపు ఉడకబెట్టే రోజుల్లో జరిగింది అసలు సంగతి. ఊరు ఊరంతా పసుపు వాసన. లైన్లో ఎవరి చేతులు చూసినా పచ్చగా ఉన్నాయి. వరుసగా వేళ్లు పెట్టీ పెట్టీ అల్లుడి గాజుపలక కూడా పచ్చబడింది. "పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నడు" అని కాక మురిసిపోతూ తుడుస్తున్నాడు. ఆ రోజు నేనూ లైన్లో ఉన్నాను. నా ముందు ముత్తెమ్మ, నా వెనుక భోజన్న.

ముత్తెమ్మ బీడీలు చుడుతుంది. భర్త దుబాయిలో ఉంటాడు. అక్కడి కంపెనీ మూతపడి కొన్ని నెలలుగా అతని దగ్గరినుంచి ఏమీ రావడం లేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్త పంపిన చేతి గడియారం తెచ్చి, "దీనికి ఎంతొస్తది?" అని తలొంచుకుని అడిగింది కాబట్టి నాకు తెలిసింది. వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ దుబాయి ముత్తెమ్మే. భోజన్న పసుపు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. కొమ్ముల గరుకంతా నాలుకకే అంటుకున్న మనిషి.

"ఏం ముత్తెమ్మా," అన్నాడు నా భుజం మీదుగా. "దుబాయి పైసలు సాల్తలేవా? కంట్రోల్ బియ్యానికి నిలవడ్డవ్?"

"నీ ఇంట్లకెల్లి తీస్కపోతున్ననా భోజన్నా? సర్కారిస్తుంటే నీకేంది నొప్పి?"

లైన్ నవ్వింది. ముత్తెమ్మ కూడా నవ్వి, కార్డు నంబరు చెప్పి వేలు పెట్టింది. తెర ఎర్రబడింది. లోపలి ఆడగొంతు మాట అందుకుంది. అది మొదటి అక్షరం పలికీ పలకకముందే కాక లేచి నిలబడ్డాడు.

"అల్లుడు అలిగిండు! ఓరి నీ అలక మీద దుమ్ము పొయ్య! పసుపు పెట్టినం, ఫ్యాను పెట్టినం, ఇంకేం గావాల్రా నీకు?"

అన్నిసార్లూ నేను పక్క దుకాణం నుంచి ఉరికొచ్చేవాణ్ని. అప్పటికి మిషన్ చెప్పాల్సింది చెప్పేసి ఊరుకునేది. ఈసారి బల్లకు ఆనుకునే ఉన్నాను. కాక అరుపు కింద ఆ ఆడగొంతు సన్నగా వినపడింది. ఈ కార్డు రద్దు చేయబడినది. సరుకులు ఇవ్వబడవు.

"డాక్టర్ సాబ్! సూడవయ్యా!"

వంగాను. చూశాను. తల ఎత్తి, "మిషన్ బాగనే ఉంది కాకా, కార్డే..." అన్నాను. అంతే. బల్ల కింద నుంచి కాక మడమ నా కాలి మీద పడింది. ఇకమీదట కాలి బొటనవేలి ముద్ర అడిగితే నేను ఇవ్వలేను, అంత గట్టిగా.

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, "లోపల... జర వేడెక్కింది" అన్నాను.

"అల్లునికి జరమొచ్చిందట!" అన్నాడు భోజన్న. లైనంతా ఘొల్లుమంది. అందరి కళ్లూ మిషన్ మీదే ఉన్నాయి. ముత్తెమ్మ వైపు ఒక్కరూ చూడలేదు. ఆమె సంచి మడిచి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

వంగి ఉన్న నాకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ నా భూతద్దంతో పని మిషన్‌కు కాదు. నలుగురూ చూడ్డానికి ఇంకేదో ఒకటి కావాలి, అంతే.

లైన్ అయిపోయాక నేను కాలు కుంటుకుంటూ దుకాణం వెనక్కి వెళ్లాను. అక్కడే కాక ఇల్లు. ముత్తెమ్మ అప్పుడే నిండు సంచితో పెరటి దారిన వెళ్లిపోతోంది. భాగ్యవ్వ చిన్నమ్మ వంటింట్లో బియ్యం డబ్బా బోర్లించి అడుగు తడుతోంది.

"చిన్నమ్మా, దుకాణం బియ్యమేనా?"

"దుకాణంది సర్కారుది, ఒక్క గింజ ముట్టనియ్యడు. ఇది మేం కొనుక్కున్నది. అల్లుడు అలిగినోళ్లందరికీ మా డబ్బాలకెల్లే పోతది."

"మరి కాకకు షుగరు..."

"ఎవనికి షుగర్?" చిన్నమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "మొన్న పెండ్లిల లడ్డూలు తిన్నకాడికి తిని, మిగిలినయి రుమాల్ల కట్టుకొచ్చిండు. బియ్యం ఒడిసినంక రొట్టె తినక ఏం జేస్తడు? ఆయన అల్లునికి నేను నెలనెలా జొన్నపిండి విసురుతున్న."

మర్నాడు కాక దుకాణం మూసి ముత్తెమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. దుబాయిలో ఉన్న భర్త వేలిముద్ర ఇవ్వలేదని కార్డు మొత్తం కొట్టేశారట. అక్కడ కూడా కాక అదే పాట అందుకున్నాడు. "అల్లుడు అలిగిండు సార్, జర మీరే నచ్చజెప్పాలె." అల్లుడెవరో అర్థమయ్యేసరికి వాళ్లకు టీ వేళ అయింది. ఇంకా కొన్నిసార్లు తిరిగాక భర్త పేరు పక్కన పెట్టి కార్డు మళ్లీ ఇచ్చారు.

ఆ తర్వాత వచ్చిన బియ్యం రోజున నేనూ బల్ల పక్కనే నిలబడ్డాను. ముత్తెమ్మ వేలు పెట్టగానే తెర పచ్చబడింది. ఆడగొంతు సరుకులు మంజూరయ్యాయని వీధంతా వినపడేలా చెప్పింది. కాక ఈసారి నోరు మెదపలేదు. చెప్పనిచ్చాడు, చివరి అక్షరందాకా.

ముత్తెమ్మ సంచిలోంచి కొత్త చేతిరుమాలు తీసి మిషన్ మీద కప్పింది. కాస్త పసుపు, కుంకుమ బొట్టు పెట్టింది.

"ఇగో అన్నా, నీ అల్లునికి బట్టలు పెట్టిన. ఇగ అలగొద్దని చెప్పు." తర్వాత గొంతు తగ్గించింది. "గా దినం నీ బిడ్డ చెప్పింది నేను ఇన్న. నువ్వు గంత గట్టిగ ఒర్రినా ఇనపడ్డది."

కాక రుమాలు అంచు సర్దాడు, చిన్నపిల్లాడికి దుప్పటి సర్దినట్టు.

తర్వాతి వంతు భోజన్నది. లోకమంతా తన కోసమే ఆగినట్టు ముందుకొచ్చి, పచ్చటి వేలు గాజు మీద నొక్కాడు. తెర ఎర్రబడింది. భోజన్న మొహంలో రంగు దిగిపోయింది. లోపలి ఆడగొంతు మాట అందుకోబోయింది. కాక ఇంకా రుమాలు దగ్గరే ఉన్నాడు.

"అల్లుడు అలిగిండు!"

ఆ కేక ముత్తెమ్మది. ఆర్మూరు బస్టాండుదాకా వినపడి ఉంటుంది. "ఓరి అల్లుడా! కొత్త బట్టలు గట్టినంక గూడ గిదేం అలకరా! డాక్టర్ సాబ్, ఉరికి రా!"

లైన్ ఘొల్లుమంది. మిషన్ ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు. భోజన్న ఒక క్షణం ముత్తెమ్మను చూసి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

నేను భూతద్దం కంటికి బిగించుకుని వెళ్లాను. ఈసారి మాత్రం కాళ్లు బల్లకు కాస్త దూరంగా పెట్టుకుని మరీ వంగాను.