మిస్ ఒటీలియాకి ఏ ఫొటో ఒక పట్టాన నచ్చదు

మా న్యూ ఆర్లీన్స్‌లో మనిషి తుపాకీకి బలైతే సమాధి రాయి కంటే ముందు చొక్కా తయారవుతుంది. రొమ్ము మీద పోయినవాడి ఫొటో, కింద పుట్టిన రోజు, పోయిన రోజు. అవే వేసుకుని చుట్టపక్కాలు అంతిమయాత్రలో బ్యాండు వెనక నడుస్తారు. ఆ చొక్కాలు అచ్చువేసేది మిస్ ఒటీలియా. ఆమె దుకాణానికీ నేను జడలల్లే దుకాణానికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

మొదట్లో మా పేటవాళ్లే వచ్చేవారు. ఇప్పుడు ష్రీవ్‌పోర్ట్, మన్రో, బాటన్ రూజ్ దాకా లూసియానాలో ఆమె చొక్కా వెళ్లని ఊరు లేదు. గోడ మీద రాష్ట్రం పటం పెట్టి, ఆర్డరు వచ్చిన ఊరికల్లా గుండుసూది గుచ్చేది. సూదుల కింద ఊళ్ల పేర్లు కనపడకుండా పోయాక పటం తీసి పారేసింది. "రోజూ పొద్దున్నే లేచి ఇది చూడాలా?" అంది. బేరం పెరిగినందుకు ఏడ్చే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆమెది మొండి పద్ధతి. "ఏదో ఒక ఫొటో వేసెయ్" అంటే మిషను వేడెక్కించదు. పన్నెండేళ్ల కిందట సొంత కొడుకు అర్మాండ్ పోయినప్పుడు, తొందరలో బడి గుర్తింపు కార్డు మీది ఫొటో వేసేసింది. రోజంతా నవ్వే పిల్లాడు మొహం మాడ్చుకుని అందరి రొమ్ముల మీదా ఊరేగాడు. ఆ తప్పుకి ఆమె ఇప్పటికీ కుమిలిపోతుంది.

మొన్న ఏప్రిల్‌లో డెల్మాంట్ అనే కుర్రాణ్ణి పెట్రోలు బంకు దగ్గర తుపాకీతో కాల్చి చంపేశారు. మర్నాడు మధ్యాహ్నం వాళ్లమ్మ లోరెట్ ఒటీలియాకి ఫోన్ చేసింది. "చిన్నాడు టెర్విన్ నీ దగ్గరికే వస్తున్నాడు. అట్నుంచటే పగ తీర్చుకోడానికి పోతాడు. నాకు మిగిలింది వాడొక్కడే." ఆ మాట చెప్పడానికి ఒటీలియా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చేతిలో దువ్వెనతోనే నేనూ వెంట వెళ్లాను.

టెర్విన్‌కి ఇరవై రెండేళ్లు. లోపలికొచ్చాడు. బయట కారులో ముగ్గురు స్నేహితులు, ఇంజను ఆపకుండా కూర్చున్నారు.

"ఇదిగో ఫొటో. యాభై చొక్కాలు. తొందరగా తీసుకో, నాకు పనుంది."

ఆమె కళ్లజోడు తగిలించుకుంది. "ఇందులో మీ అన్నది దొంగకోళ్లు పట్టే మొహంలా ఉందిరా. ఇంకోటి చూపించు."

చూపించాడు. "మెడేదిరా ఇందులో?" మూడోది చూపించాడు. "ఈ టోపీ వాడిదేనా, ఎరువు తెచ్చుకున్నాడా?"

బయట హారన్ మోగింది.

"చొక్కాయేగా మిస్ ఒటీలియా. ఏదైతే ఏంటి?"

"అలా అనుకునే నా కొడుకు మొహం పాడుచేశాను. కూర్చో. ఫోన్లో మొదట్నుంచీ చూడు. నాకు తొందర్లేదు. మీ అన్నకి అసలే లేదు."

నాకు ఒళ్లు మండింది. అంతమాట అనొచ్చా? కానీ వాడు కూర్చున్నాడు. వేలితో ఒక్కో ఫొటో జరుపుతూ పోయి, ఒక వీడియో దగ్గర ఆగాడు. అందులో డెల్మాంట్ చేపలు వేయిస్తున్నాడు. నూనె చిట్లగానే మూకుడు మూత అడ్డం పెట్టుకుని, "అమ్మా, కాపాడు" అంటూ వెనక్కి గెంతాడు. టెర్విన్ ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఒటీలియా వాడి తలని పొట్టకి అదుముకుంది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

హారన్ మళ్లీ మోగింది. వాడు లేచి మొహం తుడుచుకుని బయటికి నడిచాడు.

గుమ్మంలో నిలబడి, "మీరు ఇళ్లకి పోండి. నేను రాను. ఫొటో ఇంకా కుదర్లేదు" అన్నాడు.

కారు కాసేపు అలాగే ఉంది. చావు వాడి ఇంట్లోది, వాడు లేకుండా పగ తీర్చుకోడానికి వాళ్లకి కాళ్లాడలేదు. వచ్చిన దారినే వెనక్కి తిప్పుకున్నారు.

టెర్విన్ లోపలికొచ్చి కూర్చుని ఇంటికి ఫోన్ కలిపాడు.

"అమ్మా, ఇంకా మిస్ ఒటీలియా దగ్గరే ఉన్నా. నీకు ఏ సైజు చొక్కా చెప్పను?"