కేస్ షీట్‌లో బీడీ

1958. నంద్యాలలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు నర్సును నేను. ఉయ్యాలవాడ దగ్గరి పల్లె నుంచి సుంకులమ్మను ఆమె మొగుడు ఎద్దులబండిలో కట్టేసి తెచ్చాడు. స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు చెవిలో మాట్లాడే జబ్బు. అప్పుడే కొత్తగా వచ్చిన క్లోర్‌ప్రోమజిన్ మాత్రలు మొదలుపెట్టారు డాక్టరుగారు. మూడు వారాలకు గొంతులు ఆగిపోయాయి. సుంకులమ్మ తల దువ్వుకుంది. ఆళ్లగడ్డలో ఉన్న అమ్మను చూడాలంది.

మొగుడు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంగా బీడీ తాగుతాంది గదమ్మా! పిచ్చి యాడ తగ్గింది? అది మానేంతవరకు ఇంటికి పిల్చుకపోను."

ఈ మాట అంటున్నప్పుడు ఆయన నోట్లో ఒక బీడీ, చెవి మీద ఇంకొకటి! గురివింద తన నలుపెరగదంటారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కానీ ఆ మాటకు ఊతమిచ్చింది నేనే. కేస్ షీట్, అంటే రోగి రోజువారీ మంచిచెడ్డలు రాసే కాగితం. "అరిచింది", "బట్టలు చించింది" అని రాసిన వరుసలోనే "బీడీ అడిగింది" అని రోజూ రాశాను. మొగుడి మాట విని, నా షీటు చూసి, డాక్టరుగారు డోసు రెట్టింపు చేశారు. ఆ మాత్రలు నా చేతులతోనే ఇచ్చాను. నాలుగు రోజుల్లో మనిషి కొయ్యబారిపోయింది. నోట చొంగ, చేతుల్లో వణుకు.

"వద్దు సిస్టరమ్మా, నాలిక మొద్దుబారతాంది. చెవుల్లో ఎవురూ మాట్లాడ్డంల్యా. బీడీ ఒగటే గదా అడుగుతాండా!"

సిగ్గుతో చచ్చిపోయాను. నేరుగా మగవాళ్ల వార్డుకెళ్లాను. అదే జబ్బుతో ఉన్న నలుగురు వరండాలో కూర్చుని గుప్పుగుప్పున ఊదుతున్నారు. వాళ్ల షీట్లలో బీడీ అన్న ముక్కే లేదు! ఆ కాగితాలన్నీ తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పడేశాను.

"మగాడు తాగితే అలవాటు, ఆడది తాగితే పిచ్చా సార్? అట్లయితే వీళ్లకూ డోసు పెంచండి."

ఆయన ఆ షీట్లు ఒక్కొక్కటే తిరగేశారు. తర్వాత సుంకులమ్మ డోసు తగ్గించి రాశారు. మొగుడు మాత్రం మళ్లీ ఆ ఛాయలకే రాలేదు.

నేను కబురు పెడితే ఆళ్లగడ్డ నుంచి తల్లి వచ్చింది. "నన్ను గుర్తుపడతాందా? అన్నం తింటాందా?" రెండే అడిగింది. ఔనన్నాను. ఆసుపత్రి గేటు దాటాక ఆ ముసలామె కొంగుముడి విప్పి, ఒక బీడీ వెలిగించి, ఇంకా వణుకుతున్న కూతురి వేళ్ల మధ్య పెట్టింది. "పోదాం పామ్మా, బస్సు పోతాది" అంది.

బీడీ మంచిదని నేననను. దగ్గి దగ్గి పోయినవాళ్లను చాలామందినే చూశాను. అయినా రిటైరయ్యేదాకా కేస్ షీట్ మీద కలం పెట్టేముందు నన్ను నేను అడుక్కునేదాన్ని: ఇదే మగాడైతే రాస్తానా?