ఆదివారం ప్రధానమంత్రి

నాలుగు పుస్తకాలు చదవగానే ఇరుగుపొరుగంతా అజ్ఞానుల్లా కనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాదా వయసు. రైల్వే పరీక్షలకు రాజ్యాంగం బట్టీ పడుతూ, టాటానగర్ కద్మా పేటలో మా తెలుగువాళ్ల వినాయక చవితి కమిటీకి కార్యదర్శిగా కూడా వెలగబెడుతున్నాను. అధ్యక్షుడు ఇంజన్ తాత, అక్కణ్ణుంచే రైళ్లు నడిపి రిటైరైన పెద్దాయన. ఆయన పని దీపం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం. మిగతా చాకిరీ అంతా నాది. పైగా ప్రతి ఆదివారం తాత వరండాలో సభ్యులు అడిగినవాటికల్లా నేను జవాబు చెప్పాలి. నచ్చకపోతే చేతులెత్తి అక్కడికక్కడే దింపేయొచ్చు. ఇందులో ప్రశ్నల పిన్నిది అందెవేసిన చెయ్యి. ఆ ఏడు ఊరేగింపుకి డీజే పెట్టించాలని నా ప్రాణం కొట్టుకుపోతుంటే, “డీజే ఏటికిరా, గుండెలదిరిపోడానికా?” అంది. వద్దంటూ చేతులు లేచాయి. డీజే పోయింది.

ఒళ్లు మండి మరుసటి ఆదివారం ఉపన్యాసం దంచాను (ఉపన్యాసం గనక పుస్తకాల భాషలోనే). “ఇప్పుడు తాత రాష్ట్రపతిలాంటివాడు, నేను ప్రధానమంత్రిని. సభ మద్దతు ఉన్నన్నాళ్లే ప్రధానికి కుర్చీ. అదే అధ్యక్ష తరహా పాలన అయితే, అన్ని ఇళ్లవాళ్లూ ఒకణ్ణి నేరుగా ఎన్నుకుంటారు. తన మనుషుల్ని వాడే ఎంచుకుంటాడు. ఘోరమైన తప్పు చేస్తే తప్ప గడువుదాకా దించలేరు!” (ఆ ‘వాడు’ నేనేనని వేరే చెప్పాలా?)

“అయితే ఆదివారం అడగడాలుండవేటి?” అంది పిన్ని.

“ఉండవు పిన్నీ.”

“సరే, సూద్దాం” అని ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పోటీకి ఎవరో ఒకరుండాలని తాత పేరు నేనే రాయించాను. పిన్ని వెనకాలే అమ్మలూ అమ్మమ్మలూ కదిలొచ్చి ఓట్లేశారు. నాకు పడ్డవి నాదీ, మా అమ్మదీ. (అమ్మది కూడా అనుమానమే.) మిగతావన్నీ తాతకే. దీపం వెలిగించే మనిషి చేతికి ఇంజనే వచ్చేసింది. ఎవర్నీ అడక్కుండా శ్రీకాకుళం నుంచి తప్పెటగుళ్లవాళ్లను పిలిపించాడు, నాకు చెప్పుల కాపలా అప్పగించాడు. దించడానికి వీల్లేదని చెప్పింది నేనే కదా, వెళ్లి చెప్పుల దగ్గర కూర్చున్నాను. తీరా తప్పెట్లు మోగాక చెప్పుల మధ్యే చిందులేశాననుకోండి.

పండగ వెళ్లిన ఆదివారం తాత కబురంపాడు. వరండాలో బెంచీలన్నీ వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు.

“ఇదేటి పాలనరా గుంటడా? పొద్దున్నుంచీ సూత్తన్నాను, ఒక్కరూ రాలేదు. పులిహోర బాగుందన్నోడు లేడు, నన్ను తిట్టినోడు లేడు. మీ పిన్నయితే ‘అడగడానికేటుంది, ఏడాదయ్యాక సూద్దాం’ అనేసింది. ఈ ఆదివారం కోసమే కదరా వారమంతా సూసేది! మన పాత పాలన మనకిచ్చీరా.”

నవ్వబోయి, ఆయన కళ్లు చూసి ఆగిపోయాను. జాలేసింది. ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పోగుచేసుకొచ్చాను. పిన్ని గుమ్మంలోంచే “పులిహోరలో ఉప్పెవడేశాడు?” అంది. తాత మొహం వెలిగిపోయింది. “అడుగో ప్రధానమంత్రి, ఆణ్ణడగండి!” అంటూ నన్ను చూపించేశాడు.

ఏళ్లు గడిచాయి. తాత పోయాడు. కార్యదర్శిని ఇప్పటికీ నేనే. ఈమధ్య ఆదివారం సభకి ఎవరూ రావడం లేదు, ఏం చెప్పినా ఫోన్లోనే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు. ఒకప్పుడు అడక్కపోతే బాగుణ్ణని మొక్కుకున్నవాణ్ణి, మొన్న ఉండబట్టలేక నేనే పిన్ని ఇంటికెళ్లాను. “పిన్నీ, ఈసారి పులిహోరలో ఉప్పెలా ఉంది?” అన్నాను.

ఆవిడ చేతికర్ర పక్కన పెట్టి, “కూకో, సెప్తాను” అంది. ప్రాణం లేచొచ్చింది.